అనపగింజల ఓటు

ప్రజల తీర్పు అనే మాట నేను మొదటిసారి విన్నది వీధి కొళాయి దగ్గర, నా బిందె సగం నిండి ఉండగా. ఆ మాట అన్నది మా మెంబరు. మెంబరు అంటే మునిసిపాలిటీలో మా తరఫున కూర్చోవడానికి మేమే ఓట్లేసి పంపిన మనిషి. ఎన్నికలప్పుడు మా గడప దగ్గరికి వచ్చి, "అవ్వా, నువ్వు ఇంట్లో హాయిగా కూచో, నీ బదులు నేనుండాను గదా," అని దండం పెట్టిపోయాడు. దండానికి ఖర్చు లేదు కాబట్టి నేనూ తిరిగి పెట్టాను.

మేముండేది గని లైనులో. లైను అంటే గని కూలీల కోసం ఒకప్పుడు కట్టించిన ఇళ్ల వరస. ఇంటికీ ఇంటికీ ఒకటే గోడ. ఇటు దగ్గితే అటువైపు వాళ్లు మిరియాల కషాయం కాస్తారు, అంత దగ్గర. మా మామ నంగలి అవతలి పల్లె నుంచి వచ్చి గనిలోకి దిగాడు. ఆయన తర్వాత మా ఆయన దిగాడు. ఇప్పుడు దిగడానికి గని లేదు, ఎక్కడానికి బెంగళూరు రైలుంది. నా కొడుకు తెల్లారకముందే అది ఎక్కుతాడు.

లైను వాలు మీద ఉంది. మా ఇల్లు మిట్టన, అన్నిటికంటే పైన. మెంబరు ఇల్లు పల్లంలో, అన్నిటికంటే కింద. కొళాయి నడిమధ్య. నీళ్లొచ్చిన రోజు నేను ఖాళీ బిందెతో దిగి, నిండు బిందెతో ఎక్కుతాను. దేవుడు ఈ లైను కట్టించి ఉంటే దిగేటప్పుడు నిండుగా, ఎక్కేటప్పుడు ఖాళీగా ఉండేలా చూసేవాడు. అయినా మోకాళ్లు తిట్టుకుంటూనే మోశాయి. ఇంటికి నీళ్లొచ్చాయి. అది చాలు.

ఆ పొద్దు మెంబరు కొళాయి గట్టు మీద చెప్పులతోనే నిలబడి చెప్పాడు. వీధి కొళాయి ఎత్తేసి ఇంటింటికీ పైపు వేసే స్కీము వచ్చిందట. వద్దంటే వద్దు, కావాలంటే కావాలి, తేల్చాల్సింది జనమేనట.

"మా ఇంటి దాకా నీళ్లు ఎక్కుతాయా అప్పా?" అని అడిగాను.

"ఎక్కుతాయని ఇంజినీరు చెప్పినాడవ్వా."

"ఇంజినీరు ఎక్కి చూసినాడా?"

వరసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నేను కొళాయి ధార చూపించాను. "ఈ నడిమి కొళాయికే ధార నా చిటికెన వేలంత ఉండాది. ఇంగ ఆ మిట్టకు ఎక్కేదానికి నీళ్లకేమన్నా కాళ్లుండాయా?"

"అందుకే అవ్వా, నేను తీర్మానం చేసేది లేదు. జనమే చేయాల. ప్రజల తీర్పు."

"మరి నిన్ను దేనికి పంపినామప్పా?"

"జనం ఏమంటే అది చేసేదానికి."

"జనమంతా ఒక మాటే అంటే నువ్వెందుకు? రెండు మాటలంటే నువ్వు యాడుంటావు?"

అతని ఫోను మోగలేదు. అయినా తీసి చెవిలో పెట్టుకుని, వచ్చే ఆదివారం అందరూ రావాలని చెప్పి వాలు దిగిపోయాడు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రాజకీయం నాకు పుస్తకాల్లో రాలేదు, నెత్తిన పడి వచ్చింది. నా చిన్నప్పుడు రాష్ట్రాలు పంచారు. నంగలి దాటాక ఒక గీత గీశారు. గీతకు అటు మా పెద్దమ్మ, ఇటు మా అమ్మ. ఇద్దరిదీ అదే తెలుగు, అదే రాగిసంగటి, అదే నోటి దురుసు. బస్సు బోర్డు మీద అక్షరాలు మాత్రం మారాయి. ఎటు ఉంటారమ్మా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. తర్వాత గని మూశారు. అప్పుడూ అడగలేదు. మా ఆయన గేటు దగ్గర సంగతి విని ఇంటికి వచ్చి, టిఫిన్ క్యారియరు తానే తోమి అటక మీద పెట్టాడు. నేను ఏమని అడగలేదు. ఆయన తోమిన గిన్నె అదొక్కటే.

అంతంత పెద్ద సంగతులు మా బదులు ఎవరెవరో కూర్చుని తేల్చేశారు. అప్పుడు వాళ్లందరికీ ధైర్యం ఉంది, అధికారం ఉంది, కుర్చీ ఉంది. కొళాయి దగ్గరికి వచ్చేసరికి మెంబరుకు ప్రజలు గుర్తొచ్చారు. నేను గమనించిందేమిటంటే, తిట్లు పడే పని ఎదురైనప్పుడే పైవాళ్లకు మన తెలివి మీద గౌరవం పుడుతుంది.

ఆదివారం చర్చికి పోయినవాళ్లు తిరిగొచ్చాక, మటన్ కొట్టు దగ్గర గుంపు పలచబడ్డాక, కొళాయి దగ్గర చేరాం. ఇంటికొక చెయ్యి అన్నారు. ఆ చెయ్యి ఇంటి పెద్దది అన్నారు. ఇంటి పెద్ద అంటే మగవాడట.

"బిందె గూడా ఇంటి పెద్దే మోస్తాడా?" అన్నాను.

"అవ్వా, సుమ్నే ఉండు, మాట్లాడొద్దు, టైమైతుంది," అన్నాడు మెంబరు.

చేతులెత్తమన్నారు. మగవాళ్లు చేతులు ఎత్తే ముందు మెంబరు మొహం చూశారు, తర్వాత తమ తమ బావమరుదుల మొహాలు చూశారు, ఆ తర్వాత ఎత్తారు. ఒకాయన ఇంటి కొళాయికీ ఎత్తాడు, వీధి కొళాయికీ ఎత్తాడు. ఇదేమిటంటే, "రెండిట్లోనూ మంచి ఉండాది గదా," అన్నాడు. అతన్ని ఢిల్లీకి పంపాల్సింది, మా లైనులో వృథా అయిపోయాడు. లెక్కపెడితే ఉన్న ఇళ్లకంటే చేతులు ఎక్కువ వచ్చాయి.

అప్పుడు మేష్ట్రు ముందుకొచ్చాడు. మేష్ట్రు అంటే మా లైనులోనే ఉండే, రిటైరైన బడిపంతులు. అన్నం తినడానికి కూడా ఒక రూలు చూసుకుని కూర్చునే మనిషి. ఓటు రహస్యంగా జరగాలి, లేకపోతే చెల్లదన్నాడు. కాగితం మీద రాసి వేద్దామని ఎవరో అన్నారు. అది కుదరదు. లైనులో సగం మందికి రాత నేర్పింది ఆయనే, ఏ వంకర ఎవరిదో చూడగానే చెప్పేస్తాడు. చివరికి గింజలతో వేయాలని తేల్చాడు.

"అనపగింజ ఏస్తే ఇంటి కొళాయి. చింతగింజ ఏస్తే వీధి కొళాయి. ఇంట్లోనే గింజ పిడికిట్లో పెట్టుకోవాల. మూసిన పిడికిలి మా ఇంటి ముందర జగలి గట్టు మీదుండే కుండలోనే తెరవాల. దోవలో తెరిస్తే ఓటు చెల్లదు," అన్నాడు.

అది అనపకాయల కాలం. చలి తిరిగిందంటే కోలారు వైపు ఏ ఇంట్లో చూసినా చేట నిండా అనపకాయలే. అందరి దగ్గరా ఉండే గింజ కదా అని మేష్ట్రు లెక్క. లెక్క తప్పు కాదు. అందరి దగ్గరా ఉంది. కానీ ఎవరి చేతిలో ఉంది అనేది ఆయన చూసుకోలేదు. ఆయన జీవితంలో ఒక్క కాయ ఒలిచి ఉంటే తెలిసేది.

గింజల ఓటు ఆపై ఆదివారానికి పెట్టారు. దానికి ముందురోజు సాయంత్రం పక్కింటామె కాయలు ఒలుస్తుంటే నేనూ పోయి కూర్చున్నాను. మాట్లాడటానికి పోతే చేతులు ఖాళీగా ఉంచడం నాకు చేతకాదు.

"అక్కా, మనసులో పెట్టుకోవద్దు. మా ఆయన ఇంటి కొళాయికే ఏస్తాడు," అంది.

"నీకేది కావాల?"

"నాకేం ఓటుండాదా?"

"ఓటు అడగలేదు. నీకేది కావాలంటా."

ఆమె ఒలిచిన తొక్కలు పక్కకు నెట్టింది. "ఇంట్లోకే నీళ్లొస్తే మంచిదే అక్కా, నడుము నొప్పి తప్పుతాది. కానీ ఇంగ గడప దాటేదానికి నాకేం సాకుండాది? ఇప్పుడు బిందె పేరు చెప్పి ఘడియసేపు నిలబడి నలుగురితో మాట్లాడతా ఉండాను. అది గూడా పోతాది."

నేను నా నీళ్ల మాట ఎత్తలేదు. మిట్టకు నీళ్లెక్కవని లైనులో తెలియనివాళ్లు లేరు. తెలిసి వేసేవాళ్లను బతిమాలితే వాళ్లకు పుణ్యం, నాకు పరువు తక్కువ. ఓట్లు అడుక్కోవడం మెంబరు వృత్తి, నాది కాదు.

ఆదివారం పొద్దున గోడ అవతలి మాటలు నా పొయ్యి దగ్గరికి వినిపించాయి.

"ఏయ్, ఒక అనపగింజ ఇయ్యి. ఓటుకు పోవాల."

"అన్నీ నానేసిండాను. పితికిపప్పుకి."

"ఒక్కటే గదా!"

"ఒక్కటే ఒక్కటే అని ఎత్తిస్తే సాయంత్రం కూర దేంతో చేసేది, నీ ఓటుతోనా? చెయ్యి పట్టు ఇట్ల. ఆ. మూసుకో. తెరవొద్దు, మేష్ట్రు చెప్పినాడు గదా, తెరిస్తే చెల్లదంట."

అనపగింజ అంటే ఊరికే వచ్చేది కాదు. కాయ ఒలవాలి, రాత్రంతా నానబెట్టాలి, ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికి పొట్టు జారిస్తే పప్పు వస్తుంది. వేళ్లు చివికిపోతాయి. అలాంటి గింజను పట్టుకెళ్లి మట్టికుండలో పడేయమంటే ఏ ఇల్లాలు పడేస్తుంది? చింతగింజ అయితే చింతపండు దంచిన చోట ఎంతైనా దొరుకుతుంది, ఊడ్చి పారేసేదే.

గడప దగ్గర నిలబడి చూశాను. లైనులోని మగవాళ్లందరూ పిడికిళ్లు బిగించుకుని, పిట్టను పట్టుకున్నవాళ్లలా జాగ్రత్తగా వాలు దిగుతున్నారు. లోపల ఏముందో ఒక్కడికీ తెలియదు. ముట్టుకుంటే తెలియదా అని మీరు అడగవచ్చు. గింజ ముట్టుకుని గుర్తుపట్టే మగవాడు ఉంటే ఆ లైనులో సగం గొడవలే ఉండేవి కావు. నేనూ నా పిడికిలితో దిగాను. మా ఆయన పోయాక మా ఇంట్లో పెద్దరికం నాది. కొడుకు ఆదివారం నిద్రలో ఉన్నాడు.

మేష్ట్రు కుండను చేటలోకి బోర్లించాడు. చేట నల్లగా నిండింది. అన్నీ చింతగింజలే. మధ్యలో ఎక్కడో కొన్ని అనపగింజలు, వేరే పెళ్లికి పోబోయి ఈ పెళ్లికి వచ్చినవాళ్లలా కనిపించాయి.

పక్కింటాయన తన అరచేయి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నేనేసింది అనపగింజే!"

"చెప్పకూడదు! రహస్య ఓటు!" అని మేష్ట్రు కసిరాడు.

"నేను గూడా అనపగింజే..."

"నోర్ముయ్యండప్పా, చెల్లదు!"

వీధి కొళాయి నిలబడింది. నా నీళ్లు నిలబడ్డాయి. నేను మురిసిపోయి హారతి పట్టలేదు. ఆ చేటలో నా మిట్ట మీద జాలి ఒక్క గింజంత లేదని నాకు తెలుసు. కొందరు కూర కోసం వేశారు. కొందరు గడప దాటే సాకు కోసం వేశారు. కొందరు చేతికి ఏది తగిలితే అది ఇచ్చారు. అయినా మా లైను పుట్టాక ఆడవాళ్లను అడిగి తేల్చిన సంగతి అదొక్కటే, అది కూడా అడుగుతున్నామని మగవాళ్లకు తెలియకపోవడం వల్ల. ఆ కొన్ని అనపగింజలు ఏం చేస్తారని అడిగాను. మేష్ట్రు భార్య అప్పటికే కొంగున కట్టుకుంది.

మెంబరు మొహం వాడిపోయింది. పైపులు అప్పటికే లారీలో వచ్చి అతని ఇంటి పక్కన దిగి ఉన్నాయి. జనం తీర్పు రాకముందే జనం తీర్పు అమలుకు సామాన్లు తెప్పించాడన్నమాట.

"ఇది చెల్లదు. జనానికి సరిగ్గా అర్థం కాలేదు. మళ్ళీ పెడదాం," అన్నాడు.

"నీకు ఓటేసినప్పుడు గూడా సరిగ్గా అర్థమైనట్టు లేదప్పా. రెండూ కలిపి మళ్ళీ పెడదామా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మగవాళ్లు ఇళ్లలో తేల్చుకోవాల్సిన లెక్కలు చాలా ఉన్నాయి, వాళ్ల చూపులన్నీ అటే ఉన్నాయి.

రెండోసారి గింజలు వద్దన్నారు. రాళ్లు. తెల్లరాయి వేస్తే ఇంటి కొళాయి, నల్లరాయి వేస్తే వీధి కొళాయి. మా నేల మీద రాళ్లకేం కరువు. బంగారం కోసం పొట్ట చీల్చిన నేల, తెల్లరాళ్లు కాళ్లకు తగులుతూనే ఉంటాయి. వంటింటి వైపు పోకుండా, ఎవరినీ అడగకుండా, మగవాళ్లు దోవలోనే వంగి ఏరుకుని వేసి వచ్చారు. ఇలా వేయడానికి ఏమీ ఖర్చు కాలేదు. ఖర్చు లేకపోయేసరికి నా నీళ్ల విషయంలో అందరికీ చెయ్యి ధారాళమైంది. చేట తెల్లగా నిండింది. మెంబరు చప్పట్లు కొట్టి, ఇది అసలైన ప్రజల తీర్పు అన్నాడు. మొదటిది నకిలీ ప్రజలన్నమాట.

వీధి కొళాయి పీకేశారు. ఇంటింటికీ పైపు వేశారు. నీళ్లొచ్చిన రోజు పల్లం ఇళ్లలో బకెట్లు పొర్లాయి. నేను నా కొళాయి తిప్పాను. లోపలి నుంచి గట్టిగా గాలి వచ్చింది, మెంబరు ఉపన్యాసంలాగే. తడి మాత్రం లేదు.

దిగి వెళ్లి చెప్పాను.

"ఏం చేసేదవ్వా, మెజారిటీ తీర్పు. నా చేతుల్లో లేదు," అన్నాడు.

మెజారిటీ ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. నీళ్లూ అంతే. మిట్టన ఉన్నవాళ్ల కోసమే కదా నడుమ ఒక మనిషిని ఎన్నుకునేది. ఈ సంగతి అతనికి చెప్పి నోరు ఎండబెట్టుకోవడం దండగ అనిపించింది. తడుపుకోవడానికి ఇంట్లో నీళ్లు కూడా లేవు. ట్యాంకరు నీళ్లు కొనమంది కోడలు. కొనడం నా ఒంటికి పడదు. ఓటేసిన చోట మళ్ళీ డబ్బెందుకు వేయాలి?

తర్వాత నీళ్లొచ్చిన రోజు బిందె తీసుకుని వాలు మొత్తం దిగి, నేరుగా మెంబరు ఇంటి ముంగిట్లోకి పోయి, అతని కొళాయి కింద పెట్టాను. మెంబరు భార్య బయటికొచ్చింది. మంచి పిల్ల, ఎదురు మాట్లాడదు.

"ఏందవ్వా, ఇంత దూరం వచ్చినావు?"

"ఏం లేదమ్మా. నా బదులు తానుండానని మీ ఆయన చెప్పిపోయినాడు. నా కొళాయి బదులు మీ కొళాయి ఉండాదేమో చూద్దామని వచ్చినాను. ఉండాది."

ఆ పిల్ల నవ్వు ఆపుకుని తన బకెట్టు పక్కకు జరిపింది.

మళ్ళీ నీళ్లొచ్చే రోజుకు పల్లం ఇళ్లవాళ్లు కొత్తగా మోటార్లు బిగించుకున్నారు. పైపులో ఉన్న కాస్తా వాళ్లే లాగేసుకున్నారు. పక్కింటి కొళాయి కూడా నోరు తెరిచి ఊరుకుంది. ఆమె బిందెతో గడప దాటి నా వెనకే వచ్చింది. మొహం చూస్తే కరువు వచ్చినట్టు లేదు, తిరునాళ్లకు పోతున్నట్టుంది. ఆమె వెనక మిట్ట ఇళ్లలోని తక్కిన ఆడవాళ్లు వచ్చారు. మెంబరు ముంగిట్లో వరస కట్టాం. వీధి కొళాయి దగ్గర ఏ వరస ఉండేదో అదే వరస, అవే మాటలు, అవే తగువులు. చోటు ఒక్కటే మారింది.

లోపలి నుంచి మెంబరు కేక వినిపించింది. స్నానం మధ్యలో నీళ్లు ఆగిపోయాయి. టవలు చుట్టుకుని, చెవుల దగ్గర సబ్బు నురుగుతో వచ్చాడు.

"అవ్వా! ఇది నా ఇల్లు!"

"అవునప్పా. మా అందరి బదులు ఇక్కడ నువ్వు తాగతా ఉండావు, మా అందరి బదులు నీళ్లు పోసుకుంటా ఉండావు. చూసేదానికి బాగుండాది, కానీ మాకు దాహం తీరేది లేదు."

"మెజారిటీ..."

"మెజారిటీ పల్లంలో నీళ్లు పోసుకుంటా ఉండారు. వచ్చినప్పుడు పలకరిస్తాంలే. నువ్వు జరుగు, బిందె పొర్లుతా ఉండాది."

అతను కళ్లలో సబ్బు తుడుచుకున్నాడు. "సరే. మిట్టన ఒక ట్యాంకు పెట్టేదా వద్దా అని వచ్చే ఆదివారం ఓటు పెడతాను. జనం ఏమంటే..."

అంతవరకూ ఎదురు మాట్లాడని భార్య అప్పుడు మాట్లాడింది. "ఓటూ వద్దు, గింజా వద్దు, రాయీ వద్దు. నువ్వే తీర్మానం చెయ్యి. ఈ పొద్దే చెయ్యి. లేదంటే రేపటి నుంచి ఈ ఇంట్లో స్నానాలకు గూడా ఓటు పెడతాను."

మెంబరు మా తరఫున, మాకోసం, మమ్మల్ని అడగకుండా, గెలిచినప్పటి నుంచి మొదటి తీర్మానం చేశాడు.

మిట్టన, మా ఇంటి ఎదురుగా, ఒక నల్ల ట్యాంకు వచ్చింది. ట్యాంకరు వచ్చి నింపిపోతుంది. కింద గట్టు కట్టి కొళాయిలు పెట్టారు. ఇప్పుడు నేను దిగనక్కర్లేదు, ఎక్కనక్కర్లేదు. పక్కింటామెకు గడప దాటే సాకు కూడా ఉంది. ఈ ట్యాంకు పెట్టమని ఏ కుండలోనూ ఒక్క గింజ పడలేదు. లైనులో ఓటు పెట్టి ఉంటే పల్లం వాళ్లు తెల్లరాళ్లు ఏరుకుని బయల్దేరేవాళ్లే.

గట్టు మీద కన్నడంలో పెద్ద అక్షరాలు రాయించాడు. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను. పైన మెంబరు పేరు. కింద, ప్రజల కోరిక మేరకు అని. మేష్ట్రు వచ్చి తప్పులున్నాయేమో చూసి, అక్షరాలు సరిగ్గానే ఉన్నాయన్నాడు.

నేను ఆ గట్టు పక్కనే బట్టలుతుకుతాను. సబ్బు నీళ్లు తగిలి కింది వరస రంగు కొద్దికొద్దిగా పోతోంది. 'కోరిక' ఇంకా కనిపిస్తోంది. ముందు పోయింది 'ప్రజల'. మెంబరు పేరు పైన ఉంది కదా, అక్కడికి తడి అందదు.